హెర్పిస్ అనుమానం: రక్తం రిపోర్టు వచ్చేలోగా చేయాల్సిన పనులు

ముందు మీ ప్రశ్నను రెండు ముక్కల్లో చెప్పుకుందాం, మిగతావారికి అర్థమవ్వాలి కదా. మీకు 27 ఏళ్లు, ఉండేది హైదరాబాద్. 11 రోజుల కింద కొత్త వ్యక్తితో కలిశారు. కండోమ్ వాడారు గానీ నోటితో చేసినప్పుడు వాడలేదు. ఎనిమిదో రోజు అంగం మీద మంట, మర్నాటికి మూడు చిన్న పచ్చి పుళ్లు, కుడి గజ్జలో నొక్కితే నొప్పి పెట్టే బిళ్ల. ఈ మధ్యలోనే విరేచనాలు పట్టుకుంటే మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలు రెండు రోజులు మింగారు. ఇది హెర్పిసేమో (చర్మం తాకిడితో సోకి పొక్కులు, పుళ్లు తెచ్చే వైరస్) అన్న అనుమానంతో నిన్న ఇంటికి వచ్చిన ల్యాబ్ కుర్రాడికి 'హెర్పిస్ ఐజీజీ, ఐజీఎం' కోసం రక్తం ఇచ్చారు. రిపోర్టుకు ఇంకా మూడు రోజులుంది. రెండు నెలల్లో పెళ్లి. నిద్ర పట్టడం లేదు, ఈ మూడు రోజులు ఏం చేయాలి అంటున్నారు.

మీరు కాచుకు కూర్చున్న ఆ రిపోర్టు 'ఇది హెర్పిసేనా' అన్న మీ అనుమానానికి జవాబు చెప్పలేదు. చెప్పగలిగింది ఆ మూడు పుళ్లే. అవి రోజురోజుకీ ఆరిపోతున్నాయి. కాబట్టి రేపు పొద్దున్నే చర్మ, సుఖవ్యాధుల డాక్టరుకు చూపించి, పుండు మీద నుంచి స్వాబ్ (దూది పుల్లతో రుద్ది తీసే నమూనా) తీయించి, డాక్టరుకు హెర్పిస్ అనిపిస్తే అదే రోజు మాత్రలు మొదలుపెట్టండి. రక్తం రిపోర్టు దాని పాటికి అది వస్తుంది.

రక్తపరీక్ష ఎందుకు చాలదో చూడండి. అది వైరస్‌ను వెతకదు, వైరస్ మీద ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలను వెతుకుతుంది. వాటిలో ఐజీజీ అనే రకం పరీక్షకు దొరికేంతగా తయారవడానికి చాలామందికి మూడు నాలుగు వారాలు, కొందరికి మూడు నెలల దాకా పడుతుంది. మీరు రక్తం ఇచ్చింది పదో రోజున. ఈ కలయికలోనే సోకి ఉంటే నెగటివ్ రావడమే మామూలు. ఆ నెగటివ్ చూసి ఊపిరి పీల్చుకుని డాక్టరు దగ్గరకు వెళ్లకుండా ఊరుకునేవాళ్లే ఎక్కువ. తప్పు జరిగేది అక్కడే.

ఇక ఐజీఎం, యాంటీబాడీల్లో ఇంకో రకం. కొత్తగా సోకితేనే ఐజీఎం వస్తుందనే నమ్మకం ల్యాబ్ కౌంటర్ల దగ్గర నుంచి కొన్ని క్లినిక్‌ల దాకా పాతుకుపోయింది. హెర్పిస్ విషయంలో అది చెల్లదు. పాత ఇన్ఫెక్షన్ మళ్లీ పైకి లేచినప్పుడూ ఐజీఎం కనిపిస్తుంది. హెర్పిస్ వైరస్‌లో రెండు రకాలు, ఎక్కువగా నోటి దగ్గర ఉండే టైప్ 1, ఎక్కువగా జననాంగాల దగ్గర ఉండే టైప్ 2; వాటి తేడా కూడా ఐజీఎం చెప్పదు. హెర్పిస్ లేనివారిలోనూ పాజిటివ్ చూపడం మామూలే. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2021 మార్గదర్శకాలు ఐజీఎం పరీక్ష చేయించవద్దనే చెబుతున్నాయి. మన దగ్గర గర్భిణులకు రాసే టార్చ్ ప్యానెల్లో (కొన్ని ఇన్ఫెక్షన్లకు కలిపి చేసే రక్తపరీక్ష) ఈ ఐజీఎం కలిసి ఉండటంతో దానికి లేని విలువ వచ్చింది. మీ రిపోర్టులో ఐజీఎం పాజిటివ్ అని ఎర్ర అక్షరాల్లో వచ్చినా, నెగటివ్ అని వచ్చినా ఆ గడిని వదిలేయండి.

ఐజీజీ గడి మాత్రం జాగ్రత్తగా చదవాలి. 'హెచ్‌ఎస్‌వీ 1+2' (హెచ్‌ఎస్‌వీ అంటే హెర్పిస్ వైరసే) అని రెండూ కలిపి ఒకే సంఖ్య ఇస్తే దాంతో ఉపయోగం దాదాపు సున్నా. డబ్ల్యూహెచ్‌ఓ 2020 అంచనా ప్రకారం ప్రపంచంలో 50 ఏళ్ల లోపువారిలో 64 శాతం మందికి టైప్ 1 ఉంది. ఎక్కువగా చిన్నప్పుడే, ఇంట్లో పెద్దవాళ్ల ముద్దులతోనే వచ్చేస్తుంది. జ్వరం తగిలినప్పుడు పెదవి అంచున లేచే పొక్కులు దానివే. కాబట్టి కలిపి చేసిన పరీక్ష పాజిటివ్ రావడం వింతేమీ కాదు. విడివిడిగా ఇచ్చి టైప్ 1 పాజిటివ్ అన్నా, ఆ వైరస్ నోటి దగ్గర ఉందా కింద ఉందా అనేది రక్తం చెప్పదు.

టైప్ 2 ఐజీజీ విడిగా పాజిటివ్ వస్తే పక్కనున్న ఇండెక్స్ సంఖ్య చూడండి. చాలా కిట్లలో 1.1 దాటితే పాజిటివ్ అంటారు. 1.1కీ 3.0కీ మధ్య వచ్చినవాటిలో తప్పుడు పాజిటివ్‌లు చాలా ఎక్కువ. ఇంకో పద్ధతితో నిర్ధారించుకోకుండా దాన్ని నమ్మకూడదు. 3 బాగా దాటి ఉంటే నమ్మొచ్చు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది, పెళ్లి మాట వచ్చినప్పుడు ఇది బాగా అక్కరకొస్తుంది. పదో రోజు రక్తంలోనే టైప్ 2 ఐజీజీ గట్టిగా పాజిటివ్ ఉంటే, దాదాపుగా అది 11 రోజుల కిందటి కలయికలో వచ్చింది కాదు, పాతది. ఇప్పుడు నెగటివ్ ఉండి 12 వారాల తర్వాత పాజిటివ్ అయితే కొత్తది. అంటే మీరిచ్చిన రక్తం పూర్తిగా వృథా కాలేదు, మొదటి కొలతగా పనికొస్తుంది. రిపోర్టు దాచుకోండి.

స్వాబ్ సంగతి. దాని మీద చేసేది పీసీఆర్, అంటే వైరస్ జన్యుపదార్థాన్నే నేరుగా వెతికే పరీక్ష. అడగాల్సిన పరీక్ష పేరు 'హెచ్‌ఎస్‌వీ 1, 2 పీసీఆర్, పుండు స్వాబ్ మీద'. నీటి పొక్కు ఇంకా పగలకుండా ఉంటే డాక్టరు శుభ్రమైన సూదితో పైపొర తీసి, అడుగున స్వాబ్‌ను గట్టిగా తిప్పుతారు. పగిలి పచ్చిగా ఉంటే ఆ పుండు అడుగునే రుద్దుతారు. మంట పుడుతుంది, ఐదు సెకన్ల పని. సుతారంగా పైపైన తాకించి తీసిన స్వాబ్‌లో కణాలు చాలక నెగటివ్ వస్తుంది కాబట్టి ఆ కాస్త మంట ఓర్చుకోండి. పొక్కు లేచిన తొలి 48 గంటల్లో తీస్తే ఫలితం బాగా వస్తుంది. తడిగా ఉన్నంతవరకూ ప్రయత్నించొచ్చు, చెక్కు కట్టాక అవకాశం బాగా తగ్గిపోతుంది. స్వాబ్‌ను వైరల్ ట్రాన్స్‌పోర్ట్ మీడియం (వీటీఎం) అనే ద్రవం ఉన్న గొట్టంలో వేసి చల్లగా పంపాలి. చిన్న ల్యాబుల్లో అది ఉండదు, మామూలు చీము కల్చర్‌కి వాడే పుల్లతోనే కానిచ్చేస్తారు. వెళ్లే ముందే ఫోన్ చేసి 'మీ దగ్గర హెర్పిస్ పీసీఆర్‌కి వీటీఎం ఉందా' అని అడగండి. ఆ పొద్దున పుండు మీద ఆయింట్‌మెంటు, పౌడరు, పసుపు ఏదీ రాయకండి. పీసీఆర్ పాజిటివ్ అయితే టైప్ కూడా తెలుస్తుంది, అనుమానం తీరిపోతుంది. నెగటివ్ అయితే మాత్రం పుండు వయసెంత, స్వాబ్ ఎలా తీశారు అన్నది చూసుకునే అర్థం చెప్పుకోవాలి. పుండే లేని చర్మం మీద తీసిన స్వాబ్ నెగటివ్ వస్తే దానికి అర్థమే లేదు.

పెద్దాసుపత్రుల్లో జాంక్ స్మియర్ అని ఇంకోటి చేస్తారు. పుండు అడుగు గీకి గాజు పలక మీద రాసి, రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తారు. చవక, అప్పటికప్పుడు తెలుస్తుంది. పెద్ద పెద్ద బహుకేంద్రక కణాలు కనిపిస్తే హెర్పిస్ జాతి వైరస్ అన్న మాట. టైప్ ఏదో చెప్పదు. అక్కి వైరస్‌కూ దీనికీ తేడా కూడా చూపదు. కనిపించకపోతే లేదని కాదు. పీసీఆర్ దొరకని ఊళ్లో ఇదైనా చేయించడం మేలు, అంతవరకే.

ఎక్కడికి వెళ్లాలి? బోర్డు మీద ఎం.డి. డీవీఎల్ లేదా డీడీవీఎల్ అని ఉండాలి, అవి చర్మ, సుఖవ్యాధుల చదువులు. ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్ లాంటి బోధనాసుపత్రుల్లో ఈ ఓపీ ఉంటుంది. ప్రభుత్వాసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అని బోర్డు కనిపిస్తే అది నాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) పెట్టించిన సుఖవ్యాధుల కేంద్రం, చూడటమూ మందులూ ఉచితం. అక్కడ జబ్బు లక్షణాన్ని బట్టి రంగు రంగుల కిట్లు ఇస్తారు. హెర్పిస్ పుండుకి ఇచ్చేది ఎర్ర కిట్, అందులో ఏడు రోజులకు సరిపడా అసైక్లోవిర్ ఉంటుంది. వెళ్లడానికి మొహమాటంగా ఉంటే ముందు 1097కి ఫోన్ చేయండి. అది నాకో టోల్‌ఫ్రీ నంబరు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. గోడల మీద, బస్టాండు మరుగుదొడ్ల తలుపుల మీద 'శాశ్వత నివారణ' అని ప్రకటనలు అంటించేవారి జోలికి మాత్రం పోకండి. హెర్పిస్ వైరస్ నడుం కింది నరాల ముడుల్లో దాక్కుని ఉండిపోతుంది, దాన్ని అక్కడి నుంచి పూర్తిగా వెళ్లగొట్టే మందు ఇప్పటికి ఏ వైద్యంలోనూ లేదు.

మాత్రలు మొదలుపెట్టడానికి రిపోర్టు అక్కర్లేదు. చూడగానే హెర్పిస్ అనిపిస్తే స్వాబ్ తీసిన వెంటనే రాసేయడమే పద్ధతి. తొలిసారి వచ్చినప్పుడు రెండు నుంచి నాలుగు వారాలు బాధపెట్టేది, తొలి మూడు రోజుల్లో మందు పడితే బాగా తగ్గుతుంది. తొలిసారికి అసైక్లోవిర్ 400 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, లేదా వాలాసైక్లోవిర్ 1 గ్రాము రోజుకు రెండుసార్లు, 7 నుంచి 10 రోజులు. మెడికల్ షాపులో అడిగితే 800 మిల్లీగ్రాములు రోజుకు ఐదుసార్లు అని ఇచ్చేస్తుంటారు. అది అక్కికి వాడే మోతాదు, మీకు అవసరం లేదు. కిడ్నీ జబ్బు ఉంటే మోతాదు తగ్గించాలి కాబట్టి డాక్టరుకు ముందే చెప్పండి. నీళ్లు బాగా తాగండి. మూడో రోజుకే మంట తగ్గిందని మానేయకండి, కోర్సు పూర్తిచేయండి. అసైక్లోవిర్ క్రీము పూయడం వల్ల ఒరిగేది చాలా తక్కువ, దానికి డబ్బు తగలేయొద్దు.

ఇప్పుడు మీ ప్రశ్నలో మీరు ఒక్క వాక్యంలో దాటేసిన విషయం, ఆ విరేచనాల మాత్రలు. మన షాపుల్లో దానికి ఇచ్చేవి ఎక్కువగా ఓఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ లేదా నార్‌ఫ్లాక్సాసిన్-టినిడజోల్. ఇవి కొందరికి ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్ అనే మందు రియాక్షన్ తెస్తాయి. అది వచ్చే చోట్లలో అంగం కొన, పెదవులు ముందుంటాయి. గుండ్రంగా, అంచు స్పష్టంగా ఉండే ముదురు ఎరుపు మచ్చ లేచి, మండి, పైపొర ఊడి పచ్చి పుండవుతుంది. మానాక నల్లటి మచ్చ మిగులుతుంది. మళ్లీ అదే మందు వేసుకుంటే గంటల్లోనే సరిగ్గా అదే చోట లేస్తుంది. 'నాకు హెర్పిస్ మాటిమాటికీ వస్తోంది' అని ఏళ్ల తరబడి అసైక్లోవిర్ మింగేవారిలో కొందరిది అసలు ఇదే. హెర్పిస్ అయితే చిన్న చిన్న నీటి పొక్కులు గుంపుగా లేచి, పగిలి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి, అంచు వంకరటింకరగా ఉన్న లోతు లేని పుళ్లవుతాయి. తాకితే ప్రాణం పోయేంత నొప్పి. గజ్జల్లో బిళ్లలు కడతాయి, తొలిసారి అయితే జ్వరం, ఒళ్లునొప్పులు కూడా ఉండొచ్చు. మీ గజ్జలో బిళ్ల, ఎనిమిది రోజుల వ్యవధి హెర్పిస్ వైపే మొగ్గుతున్నాయి, ఎందుకంటే సోకిన 2 నుంచి 12 రోజుల్లోనే అది పైకి తేలుతుంది. అయినా ఆ మాత్రల స్ట్రిప్పు జేబులో పెట్టుకుని వెళ్లండి. పుండు ముందు వచ్చిందా, మాత్ర ముందు వేసుకున్నారా అన్నది గంటలతో సహా రాసుకుని వెళ్లండి. డాక్టరుకు స్వాబ్ కంటే ముందు ఉపయోగపడేది ఆ కాగితమే.

సవాయి, అంటే సిఫిలిస్, పుండు వేరుగా ఉంటుంది. మామూలుగా ఒకటే, అడుగు గట్టిగా, నొప్పి లేకుండా. సోకిన మూడు వారాల చుట్టూ వస్తుంది, 9 రోజుల నుంచి 90 రోజుల దాకా ఎప్పుడైనా రావచ్చు. అయితే పుస్తకంలో ఉన్నట్టే కనిపించాలని దానికి రూలేమీ లేదు, కాబట్టి జననాంగం మీద ఏ పుండు ఉన్నా వీడీఆర్ఎల్ లేదా ఆర్పీఆర్ (రెండూ సిఫిలిస్ రక్తపరీక్షలే), హెచ్ఐవీ పరీక్షలు తప్పనిసరి. ఇవి ప్రభుత్వాసుపత్రిలోని ఐసీటీసీ (హెచ్ఐవీ సలహా, పరీక్ష) కేంద్రంలో ఉచితం. మీ అంగీకారం లేకుండా హెచ్ఐవీ పరీక్ష చేయకూడదని, ఫలితం గుట్టుగా ఉంచాలని 2017 చట్టం చెబుతోంది. ఇంకా గజ్జి అయితే రాత్రిపూట దురద, ఇంట్లో ఇంకొకరికీ ఉంటుంది. షేవింగ్ తర్వాత వెంట్రుక మొదట్లో లేచే చీముపొక్కు, జిప్పు గీత, రాపిడికి లేచిన పొర, ఇవన్నీ హెర్పిస్‌లా కనిపించి భయపెడతాయి. అంగం కొన చుట్టూ వరసగా ఉండే ముత్యాల్లాంటి బొడిపెలు, చర్మం కింద తెల్లటి చుక్కలు అసలు జబ్బే కాదు, మామూలు చర్మం తీరు.

ఈ ప్రశ్న చదివే ఆడవాళ్లకు ఒక మాట. మూత్రానికి వెళ్లినప్పుడు మంట అనగానే యూరిన్ ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్ రాసేస్తారు. మూత్రం లోపలి నుంచి వస్తుండగా మంటా, బయట చర్మానికి తగిలినప్పుడు మంటా అన్నది గమనించి చెప్పండి. బయట తగిలినప్పుడే అయితే అక్కడ హెర్పిస్ పుండు ఉండొచ్చు, చూడకుండా మందు రాయనివ్వకండి.

ఇంట్లో ఏం చేయాలి. రోజుకు రెండు మూడుసార్లు గోరువెచ్చటి నీళ్లలో కాస్త ఉప్పు వేసి పది నిమిషాలు కూర్చోండి, తర్వాత మెత్తటి బట్టతో అద్దండి, రుద్దకండి. మూత్రానికి వెళ్లేటప్పుడు మగ్గుతో నీళ్లు పోసుకుంటూ వెళ్తే మంట సగం తగ్గుతుంది. నొప్పికి పారాసిటమాల్ 650, ఆరు గంటలకోసారి చాలు. స్వాబ్ అయిపోయాక మరీ ఓర్చుకోలేకపోతే డాక్టరు సలహాతో లిగ్నోకెయిన్ జెల్లీ కొద్దిగా రాయొచ్చు. వదులైన నూలు లోదుస్తులు, రాత్రి లుంగీ. డెట్టాల్, వేపాకు ముద్ద, నిమ్మరసం, వెల్లుల్లి ఏవీ వద్దు. అవి పచ్చి పుండును కాల్చి, రసాయనపు పుండుగా మార్చేస్తాయి, ఆ మీదట ఏ డాక్టరూ చూసి పోల్చుకోలేరు. అంతకంటే చేటు చేసేది షాపులో 'దురద క్రీము' పేరుతో ఇచ్చే స్టెరాయిడ్ కలిపిన ట్యూబు. ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్ అన్న పేర్లుంటే పక్కన పెట్టేయండి. వైరస్‌కు అది అన్నం పెట్టినట్టే.

చెయ్యి తగిలితే సబ్బుతో కడుక్కోండి, ముఖ్యంగా కళ్లు తుడుచుకునే ముందు, కాంటాక్ట్ లెన్సు పెట్టుకునే ముందు. తువ్వాలు, రేజరు విడిగా ఉంచుకుంటే చాలు. టాయిలెట్ సీటు, స్విమ్మింగ్ పూల్, ఒకే కంచం, ఒకే బకెట్ వల్ల ఇంట్లోవాళ్లకు అంటదు. అమ్మ ఉతికే బట్టల గురించి దిగులు వద్దు. విషయం తేలేదాకా ఏ రకమైన కలయికా వద్దు, నోటితో కూడా. కండోమ్ కప్పని చర్మం నుంచి కూడా ఇది సోకుతుంది, మీరు కండోమ్ వాడినా అనుమానం మిగిలింది అందుకే.

ఇవి కనిపిస్తే మాత్రం ఓపీ టైము చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి: మూత్రం అసలు రాకపోవడం, తీవ్రమైన తలనొప్పితో మెడ పట్టేయడం, వెలుతురు చూడలేకపోవడం, కన్ను ఎర్రబడి నొప్పి పుట్టడం. హెచ్ఐవీ ఉన్నవారు, కీమో లేదా ట్రాన్స్‌ప్లాంట్ మందుల మీద ఉన్నవారు, గర్భిణులు మూడు రోజులు కూడా ఆగకూడదు.

నిద్ర లేకపోవడం గురించి. ఇంటర్నెట్‌లో దొరికే బొమ్మలు అన్నీ మరీ ముదిరిన కేసులవి, వాటితో పోల్చుకోవడం ఆపండి. గంటకోసారి నొక్కి చూసుకుంటే ఆ నొక్కుడుకే ఎర్రబడుతుంది, అది చూసి ఇంకా భయం. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, ఒకే వెలుతురులో ఫోటో, తేదీ వేసి పెట్టండి. డాక్టరుకు చూపించడానికి పనికొస్తాయి, ఫోన్ బ్యాకప్‌లోకి వెళ్లకుండా చూసుకోండి. కాళ్లలో తిమ్మిరి, ఒళ్లంతా చీమలు పాకినట్టుండటం హెర్పిస్ గురించి చదివాకే మొదలైతే దానికి కారణం ఎక్కువగా ఆందోళనే. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు వస్తుంటే టెలీమానస్ 14416కి వెంటనే ఫోన్ చేయండి, రాత్రిపూట కూడా పలుకుతారు.

పెళ్లి సంగతి. తేలకముందే ఎవరికీ ఏమీ చెప్పకండి, ఎవరినీ అనకండి. మొదటిసారి పుండు కనిపించిందంటే మొన్ననే సోకిందని కాదు. టైప్ 2 ఉన్నవారిలో ఎక్కువమందికి ఉన్నట్టే తెలియదు, ఏళ్ల తర్వాత తొలిసారి బయటపడొచ్చు. మీరు కలిసిన వ్యక్తి కూడా మీకు కావాలని దాచారని చెప్పలేం. పీసీఆర్‌లో టైప్ 1 వస్తే అది నోటి నుంచి వచ్చి ఉండొచ్చు, అది కింద మళ్లీ మళ్లీ లేవడం తక్కువ, మొదటి ఏడాదిలో సగటున ఒకసారి. టైప్ 2 అయితే మొదటి ఏడాదిలో సగటున నాలుగు సార్లు, తర్వాత తగ్గుతూ వస్తుంది.

తేలాక మాత్రం కాబోయే భార్యకు పెళ్లికి ముందే చెప్పాలి. ఇందులో మినహాయింపు లేదనే నా అభిప్రాయం. హెర్పిస్ ఉన్నవాళ్లు పెళ్లి చేసుకోవచ్చు, పిల్లల్ని కనొచ్చు. ఒకరికి టైప్ 2 ఉండి ఇంకొకరికి లేని 1,484 జంటల మీద చేసి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, రోజూ వాలాసైక్లోవిర్ 500 మిల్లీగ్రాములు వేసుకున్నప్పుడు ఎనిమిది నెలల్లో రెండోవారికి సోకినవారు 1.9 శాతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 3.6 శాతం. దానికి కండోమ్, పుండు ఉన్నప్పుడు దూరంగా ఉండటం కలిపితే ముప్పు ఇంకా తగ్గుతుంది. పూర్తిగా పోదు, ఆ మాట కూడా చెప్పాలి. ఆమెకు గర్భం వస్తే మీ విషయం గైనకాలజిస్టుకు తెలిసి ఉండాలి. ఎందుకంటే బిడ్డకు అసలు ప్రమాదం తల్లికి చివరి నెలల్లో కొత్తగా సోకినప్పుడే. ఆ నెలల్లో కలయిక మానేయమని డాక్టర్లు చెప్పేది అందుకే.

ఇక తేదీలు క్యాలెండర్లో వేసుకోండి. కలయిక జరిగిన రోజు నుంచి లెక్క. రేపు స్వాబ్, దాంతోపాటు ఆర్పీఆర్, హెచ్ఐవీ, హెపటైటిస్ బి. 14 రోజులు దాటాక గనేరియా, క్లమీడియాకు మూత్రం పీసీఆర్. 45 రోజులకు నాలుగో తరం హెచ్ఐవీ పరీక్ష, దాంతోపాటే ఆర్పీఆర్ రెండోసారి. 12 వారాలకు ఆర్పీఆర్ ఆఖరుసారి, స్వాబ్ నెగటివ్ వచ్చి ఉంటే హెచ్‌ఎస్‌వీ 2 ఐజీజీ కూడా, నిన్న రక్తం తీసిన ల్యాబ్‌లోనే, టైప్ విడిగా, ఇండెక్స్ సంఖ్యతో. ఆ 12 వారాల పరీక్ష పెళ్లి తేదీ తర్వాత పడుతోంది కదా, రేపటి స్వాబ్‌ను వాయిదా వేయొద్దనడానికి అది ఇంకో కారణం.